పరిగె: ఒక మాట, ఒక హక్కు

పోయిన సంవత్సరం డిగ్రీ రెండో ఏటి పిల్లలకి అనువాదంలో ఒక చిన్న అభ్యాసం ఇచ్చాను. ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1857లో ప్రదర్శించిన ఒక చిత్రాన్ని గురించి నేనే ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి, తెలుగు చెయ్యమన్నాను. కోత అయిపోయిన చేలో ముగ్గురు ఆడవాళ్ళు. ఇద్దరు పూర్తిగా వంగి నేలమీది వెన్నులు ఏరుతున్నారు. మూడో ఆమె సగం వంగి ఉంది. వాళ్ళ వెనక దూరాన పెద్ద పెద్ద కుప్పలు, బండి, కూలిజనం. గుర్రంమీద ఒక అజమాయిషీదారు. చిత్రం పేరులోని ‘గ్లీనర్స్’ అన్న మాట దగ్గర పిల్లలు ఆగుతారని నాకు తెలుసు. ఆగాలనే ఇచ్చాను.

కాగితాలు దిద్దుతుంటే చాలావాటిలో ‘సేకరించువారు’ అని ఉంది. ఆ తప్పు నాకు ఆశ్చర్యం కలిగించలేదు. ఇవాళ ఇంగ్లీషు పత్రికల్లో ఆ క్రియ సమాచారానికే గాని చేలకి వాడటం అరుదు. ఒక్క అమ్మాయి మాత్రం ‘పరిగె ఏరుకునే ఆడవాళ్ళు’ అని రాసింది. నేను ఆ మాటని ఎర్రసిరాతో కొట్టేసి పైన ‘ఉంఛవృత్తి జీవులు’ అని రాశాను. పక్కన ‘గ్రామ్యం’ అని కూడా వేశాను.

మర్నాడు ఆ అమ్మాయి లేచి నిలబడింది.

“ఉంఛవృత్తి అంటే ఏంటి సార్?”

కోత అయ్యాక చేలో రాలిన గింజలు ఏరుకుని బతకటం అని చెప్పాను.

“మా నాయనమ్మ చేసింది అదే గదండీ! దాన్ని పరిగే అంటాం గదా సార్?”

తరగతిలో నలుగురైదుగురు నవ్వారు. “వాడుకలో అంటారమ్మా, కాని రాతలో...” అని మొదలుపెట్టి ఆ వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను. గిడుగు రామమూర్తి పంతులుగారి వ్యావహారికోద్యమాన్ని గూర్చి ఏటా గంటల తరబడి పాఠం చెప్పేవాణ్ణి నేను. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. మా అమ్మ పరిగె ఏరింది. నా చిన్నతనంలో సంక్రాంతి ముందు మా ఇంట్లో ఉడికిన కొత్తబియ్యం పరిగె బియ్యమే. ఆ సంగతి ఆ తరగతిలో చెప్పలేదు. అసలు కాలేజీలో ఎవరికీ ఎన్నడూ చెప్పలేదు.

ఎందుకు కొట్టేశాను? తెలియక కాదు, తెలిసే కొట్టేశాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కునే ప్రయత్నం. జవాబు నాకు ముందుగా ఇంగ్లీషులో దొరకటం విచిత్రమే.

నా అవస్థ విని, ఇంగ్లీషు శాఖలోని ఒక మిత్రుడు ఫ్లోరా థాంప్సన్ రాసిన ‘లార్క్ రైజ్’ చేతికిచ్చాడు. అది 1939లో వచ్చిన పుస్తకం. రచయిత్రి 1876లో ఆక్స్‌ఫర్డ్ జిల్లాలో ఒక చిన్న పల్లెలో రాతిపనివాడి ఇంట పుట్టి, పద్నాలుగో ఏట పోస్టాఫీసు పనిలో చేరిన మనిషి. తన చిన్ననాటి పల్లెని, అంటే 1880ల నాటి వ్యవసాయ కూలీల బతుకుని, ఉన్నదున్నట్టు రాసింది. అందులో పరిగె ఏరటాన్ని గురించి ఒక చోట చక్కని వర్ణన ఉంది. అయితే ఆ ఊరివాళ్ళు దాన్ని ‘గ్లీనింగ్’ అనరు. ‘లీజింగ్’ అంటారు.

ఆ మాట నేను అంతకు ముందు వినలేదు. మిత్రుడూ వినలేదు. మాకు తెలిసిన ‘లీజు’ కౌలు ఒక్కటే. కౌలుకీ పరిగెకీ ఏమిటి సంబంధం అని నిఘంటువులు తిరగేశాం. సంబంధం ఏమీ లేదు. ఒకే అక్షరక్రమంలో మూడు వేరువేరు మాటలు కలిసిపోయాయి.

కౌలు అనే ‘లీజు’ ఫ్రెంచి నుంచి వచ్చింది. విడిచిపెట్టటం, వదలటం దాని మూలార్థం. భూమిగలవాడు కొంతకాలానికి విడిచిపెడతాడు, లేనివాడు పుచ్చుకుంటాడు. భూస్వామి వైపునుంచి పుట్టిన మాట అది. రెండోది పాత ఇంగ్లీషులోని ‘లెసన్’ నుంచి వచ్చిన ‘లీజు’. దాని అర్థం ఏరటం, పోగుచెయ్యటం. జాన్సన్ 1755లో వెలువరించిన ప్రసిద్ధ నిఘంటువులో ఇది ఉంది. ఆ తర్వాత అది గ్రంథాల్లో నుంచి జారిపోయి పల్లెల్లో ఆడవాళ్ళ నోట మిగిలింది. మూడోది ‘లీజింగ్’ అనే నామవాచకం, అర్థం అబద్ధం. ఇది మరొక పాత ధాతువు నుంచి వచ్చింది. 1611 నాటి జేమ్సు రాజు బైబిలులో నాలుగో కీర్తనలోనూ అయిదో కీర్తనలోనూ ఈ అర్థంలోనే ఉంది. షేక్స్‌పియర్ ‘ట్వెల్ఫ్త్ నైట్’లో విదూషకుడి నోట ఈ మాటనే పెట్టాడు.

విడవటం, ఏరటం, బొంకటం. ఈ మూడింటిలో నేటి ఇంగ్లీషులో నిక్షేపంగా బతికి ఉన్నది మొదటిది ఒక్కటే. ఆస్తి కలవాడి మాట కోర్టు కాగితాల్లో స్థిరపడింది. లేనివాడి మాట మాండలికం అయింది. మాటలు వాటంతటవే చావవని, వాటి వెనక ఉన్న హక్కులతోపాటు చస్తాయని అక్కడ నాకు మొదటిసారిగా తోచింది.

రెండో మాటకి చుట్టాలు కూడా ఉన్నారు. పాత ఇంగ్లీషు ‘లెసన్’, జర్మన్ ‘లేజెన్’ ఒకే మాట. జర్మన్‌లో దానికి ఏరటం అనీ చదవటం అనీ రెండర్థాలు ఉన్నాయి. ద్రాక్షపళ్ళు కోసి పోగుచెయ్యటానికీ పుస్తకం చదవటానికీ వాళ్ళకి ఒకే క్రియ. లాటిన్ ‘లెగెరె’ కూడా అంతే. ముందు ఏరటం, తరవాత చదవటం. ‘లెక్చర్’ అన్న మాట అందులోంచే పుట్టింది. అంటే నా ఉద్యోగం పేరుకి వేరు వెతుక్కుంటూ పోతే ఆ మాట కూడా ఏరటం దగ్గరకే చేరింది. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇక ఫ్లోరా థాంప్సన్ చెప్పిన సంగతి. కోతలు కాగానే ఆడవాళ్ళు పిల్లల్ని వెంటేసుకుని తెల్లవారుతూనే చేలకి వెళ్ళేవారు. రోజంతా వంగి గోధుమ వెన్నులు ఏరి, చిన్నచిన్న కట్టలు కట్టేవారు. రెండు మూడు వారాల తరవాత ఆ ధాన్యాన్ని మరకి పంపితే, మరవాడు తన కూలి పిండి రూపంలో మినహాయించుకుని మిగతాది పంపేవాడు. మగవాడి వారపు కూలి పది షిల్లింగులు ఉన్న ఆ ఇళ్ళలో చలికాలపు రొట్టెకి అదే ఆధారం. పిండిబస్తాని ముందుగదిలో కుర్చీమీద పెట్టి, దారిన పోయేవాళ్ళని లోపలికి పిలిచి చూపించేవారట! ఆ కుర్చీ దగ్గర నేను ఆగిపోయాను. వాళ్ళు దాచుకోలేదు. పదిమందిని పిలిచి చూపించుకున్నారు. అది భిక్షం కాదు, తమ కష్టం అని వాళ్ళకి తెలుసు.

కాని చట్టానికి తెలియదు. నిజానికి ఆ కుర్చీకి వందేళ్ళ ముందే చట్టం కాదు పొమ్మంది. సఫోక్ జిల్లాలో టిమ్‌వర్త్ అనే ఊళ్ళో మేరీ హౌటన్ అనే ఆమె స్టీల్ అనే రైతు చేలో పరిగె ఏరింది. అతడు అక్రమ ప్రవేశం అని దావా వేశాడు. 1788లో లండనులోని కామన్ ప్లీజ్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. పరిగె ఏరుకునే హక్కు ఇంగ్లండు సామాన్య చట్టంలో ఎవరికీ లేదని నలుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు అన్నారు. ఆస్తి అంటే సొంతదారు ఒక్కడే అనుభవించేది. ఇతరులు దానిలో హక్కుగా ప్రవేశిస్తే ఆస్తికే అర్థం లేదు అన్నది వారి వాదసారం. నాలుగో న్యాయమూర్తి గౌల్డ్ ఒక్కడు ఒప్పుకోలేదు. మోషే ధర్మశాస్త్రంలో బీదవాళ్ళకోసం పరిగె విడిచిపెట్టాలని ఉంది గదా అన్నాడు. ఆ శాస్త్రం మనల్ని కట్టడి చెయ్యదని మిగతావారు తేల్చారు. ఆదివారం గుళ్ళో చదివే గ్రంథం సోమవారం కోర్టులో చెల్లలేదు.

టిమ్‌వర్త్ పక్కనే కల్ఫర్డ్ ఉంది. అది కార్న్‌వాలిస్ వంశం వారి ఎస్టేటు. ఆ ఎస్టేటు యజమాని ఛార్లెస్ కార్న్‌వాలిస్ ఆ 1788లో కలకత్తాలో గవర్నరు జనరలు. అదే సంవత్సరం అతడు నిజాం దగ్గర నుంచి గుంటూరు సర్కారుని కంపెనీకి రాబట్టాడు. 1793లో వంగదేశంలో శాశ్వత శిస్తు నిర్ణయం చేశాడు. 1802లో అది మన ఉత్తర సర్కారులకి వచ్చింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యేవరకు మన పల్లెల్ని పీడించిన వ్యవస్థ అది. మేరీ హౌటన్ వెన్నులకీ మన జమీందారీలకీ నేరుగా ముడిపెట్టటం నా ఉద్దేశం కాదు. ఒకే తరం, ఒకే వర్గం, ఆస్తిని గూర్చిన ఒకే భావం సముద్రానికి రెండు పక్కలా ఏకకాలంలో పనిచేసిందని మాత్రం చెప్పదలిచాను.

ఈ భావాన్ని గూర్చి మార్క్సు ఇరవైనాలుగేళ్ళ వయసులోనే రాశాడు. రైను రాష్ట్ర శాసనసభ అడవిలో రాలిన పుల్లలు ఏరుకోవటాన్ని దొంగతనంగా నిర్ణయించే చట్టాన్ని చర్చించటాన్ని గురించి, 1842లో, ‘రైనిషే జైటుంగ్’ పత్రికలో వ్యాసాలు రాసి బీదల అలవాటు హక్కుల పక్షాన నిలబడ్డాడు. ఆర్థిక ప్రశ్నలవైపు తనని మొదట తిప్పిన విషయాల్లో అది ఒకటని 1859 నాటి పీఠికలో తానే చెప్పుకున్నాడు. పెట్టుబడిని గూర్చిన ఆ మహాగ్రంథానికి దారి రాలిన పుల్లల మధ్యనుంచి సాగిందంటే అతిశయోక్తి కాదు.

సాహిత్యంలో ఏం జరిగింది? బైబిలులో రూతు బతకటానికి బెత్లెహేము చేలలో పరిగె ఏరింది. అక్కడ ఆ పని పనే. షేక్స్‌పియర్ ‘యాజ్ యూ లైక్ ఇట్’ దగ్గరికి వచ్చేసరికి ఒక గొర్రెల కాపరి తన ప్రేమను గూర్చి చెబుతూ, ఇంకొకడు పంట కోసుకుపోగా తనకి విరిగిన వెన్నులు దొరికినా చాలంటాడు. పని ఉపమానం అయింది. కీట్సు 1819 సెప్టెంబరులో శరత్తు మీద రాసిన గీతంలో ఆ రుతువే పరిగె మూట తలమీద పెట్టుకుని వాగు దాటే మనిషిగా కనిపిస్తుంది. ఎంతో సుందరమైన చిత్రం. కాని అంతకు ముప్పై ఒక్క సంవత్సరాల ముందే చట్టం ఆ మనిషిని చేలోంచి వెళ్ళగొట్టింది. ఆ గీతానికి నెల ముందు, ఆగస్టు 16న, మాంచెస్టరులో పీటర్లూ మైదానంలో హక్కులు అడిగిన జనం మీదికి గుర్రపుదళాన్ని తోలారు. కీట్సు అది తెలిసే రాశాడా, ఆ తలమీది మూటలో నిరసన ఉందా అని విమర్శకులు ఇంకా వాదించుకుంటున్నారు. అది ఎలా ఉన్నా, ఆ తరవాతి కాలంలో ఆ మాట పుస్తకాలనుంచి విషయాలు ‘ఏరటం’ అనే అర్థంలో హాయిగా స్థిరపడింది. హక్కు పోయిన చోట అలంకారం మిగిలింది.

ఇంగ్లీషువాళ్ళని ఇంతసేపు విమర్శించాను గాని, నేను ఎర్రసిరాతో రాసిన ‘ఉంఛవృత్తి’ చరిత్ర ఏమిటి? గింజలు ఒక్కొక్కటిగా ఏరటం ఉంఛం. వెన్నులు ఏరటం శిలం. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో బ్రాహ్మణుడి జీవనోపాయాలు లెక్కపెడుతూ ఈ ఉంఛశిలానికి ‘ఋతం’ అని పేరు పెట్టారు. ఋతం అంటే సత్యం! యాచనకి ‘మృతం’ అని, వ్యవసాయానికి ‘ప్రమృతం’ అని పేర్లు. అంటే దున్ని పండించటం యాచనకన్నా హీనం, పండినదానిలో రాలింది ఏరుకోవటం అన్నిటికన్నా పవిత్రం. భారతంలో అశ్వమేధపర్వంలో సక్తుప్రస్థుడి కథ ఉంది గదా. కురుక్షేత్రంలో ఉంఛవృత్తితో బతికే ఆ బ్రాహ్మణ కుటుంబం తమ పేలపిండి అతిథికి పెట్టి పస్తులున్నందుకు, అక్కడ పొర్లిన ముంగిసకి సగం ఒళ్ళు బంగారమైంది. ధర్మరాజు యాగంలో రెండో సగం బంగారం కాలేదు. గొప్ప కథే. యాగాలకన్నా పిడికెడు పిండి గొప్పదని చెప్పిన కథని నేను తక్కువ చెయ్యను.

కాని ఒక్కటి అడగాలి. ఆ చేలో ఆ రోజు ఆ కుటుంబం ఒక్కటే ఏరిందా? కోసిన కూలివాళ్ళ భార్యలు ఎక్కడికి పోయారు? వాళ్ళు ఏరితే అది ఋతం అయిందా? ఒకే చేలో, ఒకే వంగిన నడుము, ఒకరిది వృత్తి, తపస్సు, సత్యం, మరొకరిది పరిగె. రాను రాను ఉంఛవృత్తి అన్న మాట చేలోంచి పూర్తిగా బయటికి వచ్చి, చెంబు పట్టుకుని వీధుల్లో కీర్తనలు పాడుతూ బియ్యం స్వీకరించటం అయింది. అందులో నేలా లేదు, వెన్నూ లేదు. ఆ అమ్మాయి రాసిన మాటలో రెండూ ఉన్నాయి. తెలుగు బైబిలు అనువదించినవారు లేవీయకాండంలోనూ రూతు కథలోనూ ‘పరిగె’ అనే రాశారు. వాళ్ళకి తోచిన మాట తెలుగు ఎం.ఏ. చదివిన నాకు తప్పుగా తోచింది.

వేసవి సెలవుల్లో తెనాలి దగ్గర మా ఊరు వెళ్ళినప్పుడు అమ్మని అడిగాను. ఇరవై ఏళ్ళుగా మేమిద్దరం ఆ ఊసు ఎత్తలేదు. మా వైపు వరి కోతకి నాలుగు రోజుల ముందు, పదును ఆరకుండా, నిలుచున్న చేలోనే మినుములు చల్లుతారు. కుప్ప వేసేసరికి మినుము మొలకెత్తి ఉంటుంది. పరిగెకి పోయిన ఆడవాళ్ళని మొలకలు తొక్కుతున్నారని ఆసాములు కేకలేసేవారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఆసామి అమ్మ ఒళ్ళోని వెన్నులు గట్టుమీద దులిపించి, దొంగముండ అన్నాడు. పక్కనే ఎలుక బొరియ తవ్వుతున్న నేను విన్నాను. బొరియలో ఎలుకలు దాచిన వెన్నులు దోసెడు దొరికాయి. ఆ సంతోషం అక్కడే పోయింది. ఆ తరవాత బడిలో సంచి బుజానికి వేసుకుని వెళ్ళిన ప్రతిరోజూ ఆ మాట నావెంట వచ్చింది. నేను కొట్టేసింది ఆ అమ్మాయి మాటని కాదు, ఆ ఆసామి మాటని అనుకున్నాను కాబోలు. కాని ఎర్రగీత పడింది మాత్రం అమ్మ మీద.

అమ్మ ఆ సంగతి మరిచిపోలేదు.

“దొంగతనం ఏందిరా? చేను కోసింది మేము, కట్ట కట్టింది మేము. మా చేతిలోంచి జారిందే గదా మేము ఏరుకుంది” అంది.

కాసేపాగి, “జారనిదంతా ఆయన ఇంటికేగా పోయింది. దాన్నెవరు అడిగారు?” అంది.

లండను న్యాయమూర్తులు నలుగురూ ఈ ప్రశ్న వేసుకోలేదు. గౌల్డు కూడా జారిన వెన్నుని గూర్చే వాదించాడు, జారని దాన్ని గూర్చి కాదు. ఇక్కడే నా మిత్రులకి ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. పాతకాలపు అలవాట్లని తలుచుకుని, ఆ రోజుల్లో బీదలకి ఎంత హక్కుండేదో అని కరిగిపోవటం సులభం. పరిగె హక్కు భూమి హక్కుకి బదులు కాదు. పంట ఒకరిదిగా ఉన్నంతకాలమే పరిగె ఇంకొకరిది అవుతుంది. అయినా దాన్ని కూడా లాక్కున్నవాడు దేన్నీ విడిచిపెట్టడని ఆ చరిత్ర మనకి చెబుతుంది.

కాలేజీ తెరిచాక ఆ అమ్మాయి కాగితం అడిగి తీసుకుని, నా గీతని కొట్టేసి, మార్కులు వేశాను. తరగతి ముందు మా అమ్మ సంగతి చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి పొంగిపోతుందని నేను ఆశించాను, దాచుకోవటం దేనికి! ఆమె ఆలోచనగా, “ఇప్పుడు పరిగె ఎక్కడుంది సార్, అన్నీ కోతమిషన్లే గదా. వెన్ను రాలదు, గింజలు రాలతాయి. బురదలో గింజ ఏరలేం” అంది.

నిజమే. యంత్రం చేలోనే కోసి చేలోనే నూరుస్తుంది. కోతకూలీ పోయింది, దానితో పరిగె పోయింది. ఇక మాట వంతు. మరొక తరం తరవాత ‘పరిగె’ కూడా ‘లీజింగ్’ లాగా నిఘంటువులో ఒక మూల చేరుతుంది. అప్పుడు ఏ కవో దాన్ని తీసి అందంగా వాడతాడు. యంత్రాన్ని ఆపాలని నేను అనను. నడుములు విరిగే పని పోవటం మంచిదే. ఆ నడుములకి బదులుగా ఏం దక్కింది అన్నదే ప్రశ్న, దాన్ని అడగటానికి మాట ఉండాలి.

ఉపాధ్యాయులైన నా మిత్రులకి ఒక మనవి. ఈసారి కాగితాలు దిద్దేటప్పుడు ‘గ్రామ్యం’ అని రాయబోయే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆపండి. ఆ మాట ఏ పనిలోంచి వచ్చిందో, ఎవరి ఇంటినుంచి వచ్చిందో ఆ పిల్లల్నే అడగండి. ఆ తరగతిలో నేను అడిగి తెలుసుకున్నవి ఇప్పటికి ముప్పైనాలుగు మాటలు అయ్యాయి. కోతకీ కల్లానికీ సంబంధించినవే సగం. వాటిలో పదకొండు మా అమ్మకి తెలుసు, నాకు తెలియవు.